పెళ్ళిచూపులకు సెలవు దొరకలేదు

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల భూమిని ఎకరాల్లో చెప్పడం మానేసి గజాల్లో చెప్పుకోవడం అప్పుడప్పుడే మొదలైంది. నిన్నటిదాకా జొన్నచేను ఉన్నచోట తెల్లారేసరికి ఒక ఆర్చీ లేచి నిలబడేది. దాని పక్కన రంగురంగుల జెండాలు, జెండాల వెనక సున్నం కొట్టిన రాళ్ళు. శంషాబాద్‌లో పెద్ద విమానాశ్రయం వస్తుందట, ఊళ్ళ మీదుగా రింగు రోడ్డు వస్తుందట, ఆ రోడ్డు పక్కన ఇంకా ఏమేమో వస్తాయట. ఇవన్నీ వస్తాయని వచ్చినవాళ్ళకు చెప్పే ఉద్యోగం నాకు వచ్చింది. ఆ కాలం సంగతులు ఇప్పటి పిల్లలకు చెబితే అప్పుడు గజం ఎంతుండేదని అడుగుతారు తప్ప, ఆ జెండాల కింద ఎండలో నిలబడ్డవాళ్ళకు సెలవులుండేవా అని ఒక్కరూ అడగరు. అడగరు కనుక నేనే చెబుతున్నాను. ఉండేవి కావు.

డిగ్రీ అయిన వెంటనే మంచాల దారిలో ఉన్న ఒక వెంచర్ ఆఫీసులో చేరాను. వెంచర్ అంటే, ప్లాట్లుగా కోసి అమ్మకానికి పెట్టిన పొలం. దానికి సముద్రం ఒడ్డున ఉండే ఏదో విదేశీ నగరం పేరు పెట్టారు. మాకు మాత్రం ఒక వైపు గుట్ట, మిగతా మూడు వైపులా సర్కారు తుమ్మ. నా ఉద్యోగం పేరు కూడా అంత పొడుగ్గానే ఉండేది, కస్టమర్ రిలేషన్స్ ఎగ్జిక్యూటివ్. చేసే పనల్లా వచ్చినవాళ్ళకు మజ్జిగ అందించడం, గొడుగు పట్టుకుని రాళ్ళ మధ్య తిప్పడం, ఈశాన్యం ఎటో చేయి చాపి చూపించడం. పసుపుపచ్చ కోటు, అదే రంగు టోపీ వేసుకోవాలి. (ఆ వేషంలో నన్ను చూసి, నేను పెట్రోలు బంకులో పనిచేస్తున్నానని మా ఊరు మంచాలలో చాలామంది చాలాకాలం నమ్మారు.)

మా యజమానికి మేం పెట్టుకున్న పేరు సండే సారు. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ మనిషి. చెడ్డవాడు కాదు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఎంత ఎండలోనూ చెదరని నవ్వు. నాదర్‌గుల్ వైపు నుంచి విమానం నడపడం నేర్చుకునే కుర్రాళ్ళ చిన్న విమానం ఒకటి అప్పుడప్పుడూ మా నెత్తిమీదుగా గీపెడుతూ పోయేది. అది కనబడగానే ఆయన కస్టమర్ల భుజం తట్టి ఆకాశంలోకి చూపించి, "చూశారా అండీ, ఎయిర్‌పోర్టు ఎంత దగ్గరో" అనేవారు. నవ్వకుండా నిలబడటం కూడా మా ఉద్యోగంలో భాగమే.

ఆదివారమంటే సారుకు ప్రాణం. పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు స్థలాలు చూడటానికి ఆదివారమే వస్తారు కదా. కనుక మాకు ఆదివారం సెలవు లేదు. శనివారం ఆదివారానికి ఏర్పాట్లు. సోమవారం ఆదివారం వచ్చినవాళ్ళకు ఫోన్లు. మంగళవారం సెలవని చేర్చుకున్నప్పుడు చెప్పారు గానీ, మంగళవారం ఎవరూ స్థలం కొనరు కనుక ఆ రోజు ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉంటుంది కనుక వచ్చి ఆఫీసు సర్దాలి. ఇందులో తప్పేముందో చాలాకాలం నాకు అర్థం కాలేదు. కొత్త ఉద్యోగం, బస్సులో కిటికీ పక్క సీటు, నెల తిరిగితే బాపు చేతిలో పెట్టే జీతం, ఇవన్నీ చూసుకుని మురిసిపోయేదాన్ని. నిద్ర మాత్రం ఎక్కడ పడితే అక్కడ ముంచుకొచ్చేది. ఒకసారి కస్టమర్లకు పార్కు చూపిస్తూ అక్కడి ఉయ్యాల బల్ల మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. పాపం ఆ దంపతులు నన్ను లేపడం ఇష్టంలేక వాళ్ళంతట వాళ్ళే ఈశాన్యం వెతుక్కున్నారు.

ఇలా ఉండగా నాకొక సంబంధం వచ్చింది. మా చిన్నబాపు తెచ్చాడు. అబ్బాయిది మహేశ్వరం. తల్లిదండ్రులు లేకపోతే మేనత్తే పెంచి చదివించింది. పట్నంలో బాలానగర్ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ పిల్ల నౌకరి మానెయ్యాలన్నవే. వీళ్ళు మాత్రం, "చదువుకున్న పిల్ల, ఇంట్ల కూసోని ఏం చేస్తది, చేసుకోనియ్యండ్రి" అన్నారట. ఆ ఒక్క మాటకే నాకు సగం నచ్చేశారు. మిగతా సగం ఫోటో చూశాక నచ్చింది. (ఫోటోలో అతను కంపెనీ గుర్తింపు కార్డు కోసం ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాడు. ఏం చూసి నచ్చిందంటే ఇప్పటికీ చెప్పలేను.) చిక్కల్లా ఒకటే. అతనికి సెలవు ఆదివారం. నాకు ఆదివారం తప్ప ఎప్పుడైనా దొరకవచ్చు. అంటే ఎప్పుడూ దొరకదని.

మొదటిసారి వాళ్ళు ఒక ఆదివారం వస్తామని కబురు చేస్తే, సారు కుదరదన్నారు. చూపులు ఆగిపోయాయి. రెండోసారి కబురు తెచ్చినప్పుడు చిన్నబాపు ముఖం మాడిపోయి ఉంది. గుమ్మంలోనే నిలబడి బాపుతో చెప్పాడు.

"అన్నా, ఆ మేనత్త ఏమంటున్నదో ఎర్కేనా? చూసెతందుకే లీవు దొరకని పిల్లకు లగ్గం నాడు దొరుకుతదా అని అడుగుతున్నది. ఈసారి గూడ పిల్ల ఇంట్ల లేకపోతె ఇగ వేరే సంబంధం చూసుకుంటరంట."

బాపు చిన్నబాపును లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. నా వైపు చూసి, "మాటిచ్చిన బిడ్డా. నువ్వే ఎట్లనన్న సారుకు చెప్పుకో" అన్నాడు. మా బాపు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

మర్నాడు సారు మంచి ఊపులో ఉన్నప్పుడు చూసి దగ్గరికి వెళ్ళాను.

"సార్, వచ్చే ఆదివారం నన్ను చూసెతందుకు వస్తున్నరు. లీవు కావాలె."

"శుభం అమ్మాయ్. మంగళవారం రమ్మను."

"ఆయనకు ఆదివారమే సెలవు సార్."

"ఆదివారం సెలవిచ్చే కంపెనీనా?" అని సారు నిజంగానే జాలిపడ్డారు. "అలాంటి కంపెనీలు పైకి రావమ్మా. కుర్రాణ్ణి వేరేచోట చూసుకోమను."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి ఆయన కంగారుపడ్డారు. ఎండకు తట్టుకున్నట్టు ఆయన కన్నీళ్ళకు తట్టుకోలేరు. "సరే సరే. ఆదివారం పొద్దున్నే వచ్చి, పదకొండింటికి వెళ్ళిపో. సగం రోజు సెలవు. సరేనా?" అన్నారు. సగం రోజు సెలవు అనే మాట ఆయన నోటివెంట వినడం ఆఫీసులో అదే మొదలు. నేను ఆనందంతో ఆ వారమంతా నా పని కాక పక్కవాళ్ళ పని కూడా చేశాను.

ఆదివారం వచ్చింది. పట్టుచీర, పూలు, పౌడరు డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఇంటి దగ్గర అమ్మ ఆ పొద్దున్నే ఇల్లు అలికి, పకోడీలకు పిండి కలిపిపెట్టింది. వాళ్ళు పన్నెండు దాటాక వస్తారు, నేను అంతకుముందే ఇల్లు చేరి ముఖం కడుక్కోవాలి. అదీ ఏర్పాటు. పదకొండయ్యింది. సంచి భుజాన వేసుకుని సారు ముందు నిలబడ్డాను. ఆయన ఖాళీ కుర్చీల వంక దిగులుగా చూస్తున్నారు. ఆ రోజెందుకో ఒక్క పురుగు కూడా రాలేదు. షామియానా, మైకులో పాటలు, పెద్ద గిన్నెలో బగారన్నం, అన్నీ ఉన్నాయి, తినేవాళ్ళు లేరు.

"అమ్మాయ్, ఒక్క వ్యాను రానీ. ఆ ఒక్క వ్యానువాళ్ళకి మజ్జిగిచ్చి నువ్వు వెళ్ళిపో."

"సార్, పదకొండింటికన్నరు."

"వస్తోందమ్మా, డ్రైవరు ఫోన్ చేశాడు. కుటుంబమంతా వస్తున్నారట. మంచి పార్టీ."

గొడుగు తీసుకుని ఆర్చీ కింద నిలబడ్డాను. వ్యాను రాదు. ఎండ పెరుగుతోంది. ఇంటి దగ్గర బాపు వీధిలోకి, లోపలికి తిరుగుతూ ఉంటాడు. మా ఇంట్లో ఫోన్ లేదు. ఉన్నా ఏం చెప్పను? ఇంతటి ఆదివారం పూట మా ఎండలోకి బయలుదేరిన ఆ కుటుంబం మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. వాళ్ళకు ఇల్లూ వాకిలీ లేదా, లేకపోతే లేకపోయింది, ఇవాళే కొనాలా అని తిట్టుకున్నాను. వాళ్ళ వ్యాను టైరు పగిలితే బాగుండని కూడా కోరుకున్నాను. ఆ వ్యానులో వస్తున్నది ఎవరో తెలిసి ఉంటే ఆ మాట అనుకునేదాన్ని కాదు.

ఇక్కడ మేం వ్యాన్ అన్న అని పిలిచే మా డ్రైవరు పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. అతను వ్యాను నడిపేవాడు, కస్టమర్లను కూడా అతనే పట్టుకొచ్చేవాడు. ఇంటినుంచి బయలుదేరి వచ్చినవాళ్ళను ఎక్కించుకోవడం ఒక ఎత్తు. వాళ్ళు చాలకపోతే ఇబ్రహీంపట్నం బస్టాండులో వల వేసేవాడు. అందరు వ్యానులవాళ్ళూ అదే చేసేవాళ్ళు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మగవాడు, మెడలో గొలుసున్న పెద్దావిడ, వెంట ఒక కుర్రాడు కనబడ్డారంటే అది స్థలం కొనే కుటుంబమని అతని లెక్క. సరిగ్గా అలాంటివాళ్ళు ముగ్గురు ఆ రోజు బస్టాండులో నిలబడి ఉన్నారు. మహేశ్వరం నుంచి వచ్చి మంచాల బస్సు కోసం చూస్తున్నారు. చేతిలో పండ్ల బుట్ట. మేనత్త, ఆమె భర్త, పెళ్ళికొడుకు.

"ఏడికన్నా?" అని అడిగాడట వ్యాన్ అన్న.

"మంచాలకు."

"గా తొవ్వలనే. ఎక్కుండ్రి. మా సారు మిమ్ములనే తోల్కరమ్మన్నడు. పొద్దుగాలకెల్లి మీకోసమే చూస్తున్నడు."

అది అతను ప్రతి ఆదివారం అందరితోనూ చెప్పే మాటే. వీళ్ళు మాత్రం ఆడపిల్లవాళ్ళు బండి పంపించారనుకున్నారు. మేనత్త ఎక్కుతూ, "మర్యాద తెలిసినోళ్ళే ఉన్నరు" అని భర్తతో అందట. ఆయనకు సంతోషమయింది. పెళ్ళికొడుకు దుమ్ముకు ముఖానికి రుమాలు చుట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

వ్యాను మా ఆర్చీ కింద ఆగేసరికి మైకులో పాట మోగింది. సారు రెండు చేతులూ జోడించి ఎదురెళ్ళారు. "రండి రండి, మీకోసమే చూస్తున్నాం. ముందు కాస్త చల్లగా మజ్జిగ తీసుకోండి." ఆ జెండాలు, ఆ షామియానా చూసి మేనత్త భర్త బిత్తరపోయాడు. "చూపులకే గింత ఇంతెజాం చేసిండ్రేందే?" అన్నాడు గొంతు తగ్గించి. "గీయన ఎవరు? భాష వేరేగుంది." ఆమె అంది, "పిల్ల మేనమామేమో. పట్నంల ఉంటున్నట్లున్నడు." నేను నా టోపీ సర్దుకుని, తిట్లన్నీ మింగేసి, నవ్వుముఖం పెట్టుకుని గ్లాసులందించాను. ముగ్గురూ తీసుకున్నారు. రుమాలు చుట్టుకున్నతను దాని అంచు కింది నుంచే ఒక గుక్క తాగి, ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఎందుకో పొలమారి దగ్గాడు.

గ్లాసులిచ్చాక నేను వెళ్ళిపోవాలి కదా, అదే ఒప్పందం. సారు మాత్రం కళ్ళతోనే ఇంకొక్క పది నిమిషాలని బతిమాలారు. గొడుగు తీసుకుని నడిచాను. సారు ముందు, పెద్దవాళ్ళిద్దరూ ఆయన వెనక, కుర్రాడూ నేనూ చివర. వాళ్ళేమో పిల్ల తరఫువాళ్ళు తమ భూమి చూపిస్తున్నారనుకుని మర్యాదగా తలలూపుతున్నారు. ఇంత బుద్ధిగా వినే కస్టమర్లను సారు జన్మలో చూడలేదు. ఆయన గొంతులో రెట్టింపు హుషారు వచ్చింది.

కుర్రాడు నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఇక్కడ నీళ్ళు ఎంత లోతున పడతాయి, దారి ఎటునుంచి వస్తుంది, ఇలాంటివే. నేను చిలకలా జవాబులు చెబుతున్నాను. ఉన్నట్టుండి, "ఎండల గింతసేపు నిలవడితె మీకు తలనొయ్యదా?" అన్నాడు. అప్పటిదాకా ఏ కస్టమరూ నన్ను అలా అడగలేదు.

"అలవాటైంది" అన్నాను. తర్వాత ఎందుకో నిజం చెప్పాలనిపించి, "నొస్తది" అన్నాను.

ఇంతలో పార్కు దగ్గర సారు తన ఆఖరి అస్త్రం తీశారు. మూల ప్లాటు ముందు నిలబడి, "ఇదిగోండి, ఈ ఈశాన్యం బిట్టు. మీ అబ్బాయి కోసమే ఇన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను. ఇవాళే మాటనేసుకుందాం" అన్నారు.

కట్నం సంగతి అనుకుని మేనత్త భర్త చేతులు అడ్డంగా ఊపాడు. "అయ్యో, గిసుంటియి మాకెందుకు? మేము ఏమన్న అడిగినమా? మాకేం వద్దు."

కస్టమర్లు చెప్పే సాకులన్నీ సారుకు కంఠతా వచ్చు. ఇంటావిడను అడగాలంటారు, వాస్తు చూడాలంటారు, బ్యాంకు లోనంటారు. అడగలేదు కనుక వద్దనే సాకు మాత్రం ఆయన ఎప్పుడూ వినలేదు. "అలాక్కాదండీ, మీ అబ్బాయి భవిష్యత్తు…" అనబోయారు.

మేనత్తకు ఓపిక అయిపోయింది. కొంగుతో చెమట తుడుచుకుని ఆమె తేల్చి చెప్పేసింది.

"అన్నా, భూమి మంచిగున్నది. మజ్జిగ గూడ మంచిగున్నది. గని ఎండల ఎంతసేపు తిప్పుతరు? ఇగ పిల్లను తోల్కరాండ్రి."

"ఏ పిల్లండీ?"

"ఏ పిల్లేంది? మీ పిల్లనే. చూసెతందుకే గద వచ్చినం."

సారు ముఖంలో చెదరని నవ్వు మొదటిసారి చెదిరింది. "మా పిల్లా? మా పిల్ల పదో తరగతండీ" అన్నారు రెండడుగులు వెనక్కి వేసి.

"పదో తరగతా? డిగ్రీ అని చెప్పిరి గద. గింత అబద్ధమా?" అని ఆమె భర్త వైపు తిరిగింది. "మంచాల పిల్ల, డిగ్రీ చదివింది, ఇబ్రహీంపట్నంల ప్లాట్ల ఆఫీసుల నౌకరి, లీవు దొరకదు, ఇవన్నీ ఎవరి గురించి చెప్పిండ్రు మరి?"

సారు నోరు తెరిచి నా వైపు చూశారు. ఆమె, ఆమె భర్త, ఎందుకు చూస్తున్నారో తెలియకపోయినా, ఆయన చూస్తున్నవైపే చూశారు. వాడిన ముఖం, పెట్రోలు బంకు టోపీ, చెమటకు అతుక్కుపోయిన జుట్టు. ఏ సంబంధం కోసం వారమంతా పౌడరు డబ్బా వెతికి పెట్టుకున్నానో ఆ సంబంధం నా ఎదురుగా నిలబడి ఉంది. అక్కడినుంచి పారిపోవాలనిపించింది. పారిపోయినా అన్నీ ఖాళీ ప్లాట్లే, ఎంత దూరం పోయినా కనబడుతూనే ఉంటాను.

"నేనే" అన్నాను.

మైకులో పాట మాత్రం ఆగలేదు. కుర్రాడు మెల్లగా ముఖానికున్న రుమాలు విప్పాడు. గుర్తింపు కార్డు ఫోటోలోని మనిషే, కాకపోతే ఈసారి ఊపిరి పీలుస్తున్నాడు, నవ్వు కూడా ఆపుకుంటున్నాడు. మేనత్త నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది. ఇక అయిపోయింది, బాపు మాట పోయింది అనుకున్నాను. ఆమె చూపు మాత్రం నా మీదనుంచి సారు మీదికి జరిగింది.

"పిల్లను చూసెతందుకు వస్తున్నరని నీకు ఎర్కలేదా అన్నా?"

"తెలుసండీ. సగం రోజు ఇచ్చాను. ఇంతలో వ్యాను…"

"ఇచ్చినవా? ఇస్తే పిల్ల ఈడెందుకున్నది?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సారు తట్టుకునేవారేమో. "మా ఇంట్ల అమాస నాడు ఎద్దులకు గూడ కాడి కట్టం. గా నోరులేని జీవాలకున్న పాటి లేదా ఈ పిల్లకు? సూడు మొఖం ఎట్ల మాడిపోయిందో. గట్ల తిప్పలు పెట్టి పనిచేయిస్తే వచ్చినోళ్ళకు ఏం మంచిగ చెప్తది?"

"ఆదివారమే కదండీ జనం వచ్చేది" అన్నారు సారు నీరసంగా.

"ఇయ్యాల ఎవరొచ్చిండ్రు? మేమే వస్తిమి. పిల్లకు లీవిస్తె మేము ఇంత ఎండల కొనని ప్లాట్లు చూసుకుంట తిరుగుదుమా?" అని, ఆమెకు ఇంకేదో గుర్తొచ్చినట్టు ఆగింది. "నీ బిడ్డ పదో తరగతంటివి. ఇయ్యాల ఆదివారం. గా పిల్ల ఇంట్ల ఏం చేస్తున్నది?"

సారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. ఆయనకు తెలియదు. వెంచర్ మొదలైనప్పటినుంచి ఆయన ఒక్క ఆదివారం కూడా ఇంటి దగ్గర లేరు. మా అందరి ఆదివారాలూ ఆయనే తినేశారని అనుకునేవాళ్ళం గానీ, ఆయనదీ పోయిందని నాకు అప్పటిదాకా తట్టలేదు. జేబులోంచి ఫోను తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా చేతిలో గొడుగు తీసుకుని, "అమ్మాయ్, నువ్వు ఇవాళ సెలవు తీసుకో" అన్నారు.

"ఇప్పుడా సార్?" అన్నాను. "తీసుకొని ఏడికి పోవాలె? చూసెతందుకు వచ్చినోళ్ళు ఈడనే ఉన్నరు గద."

అందరికంటే ముందు మేనత్తే నవ్వింది. ఆ నవ్వు వినగానే నా ప్రాణం లేచివచ్చింది.

ఆ తర్వాత పనులన్నీ సారే తన నెత్తిన వేసుకున్నారు. వ్యానును మంచాలకు పంపి మా వాళ్ళను పిలిపించారు. (ఆఫీసు వ్యాను ఇంటి ముందు ఆగేసరికి నాకేమైందోనని మా అమ్మ పకోడీల గిన్నె పట్టుకునే వ్యానెక్కేసింది. ఆ గిన్నె చివరికి షామియానా కింద అందరికీ పనికొచ్చింది.) బాపు వచ్చి, తను మాటిచ్చిన చోట కాకపోయినా, తను మాటిచ్చిన రోజునే పిల్ల కనబడిందని తెలుసుకుని, కుర్చీలో వెనక్కి వాలి పెద్ద ఊపిరి వదిలాడు. నేను సంచి తీసుకుని చీర కట్టుకోవడానికి ఆఫీసు గదిలోకి పోబోతుంటే మేనత్త ఆపింది. "ఎందుకు బిడ్డా, ఎండల మాడిన మొఖాన్నే చూసినం. ఇగ పౌడరు మొఖంల కొత్తగ చూసేదేమున్నది? కూసో."

మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని పార్కు వైపు పంపారు. ఏం మాట్లాడాలో తెలియలేదు. నీళ్ళు ఎంత లోతున పడతాయో అప్పటికే చెప్పేశాను.

"మీ ఫోటో నా జేబుల్నే ఉండె. మజ్జిగ ఇచ్చినప్పుడే గుర్తువట్టిన మిమ్ముల" అన్నాడతను.

"మరి చెప్పలేదేంది?"

"చెప్తె మీరు చీర కట్టుకోవోతరు. మళ్ళ ఇట్ల మాట్లాడరు."

నేను నేల చూపులు చూస్తూ, నాకు ఎంతోకాలంగా గొంతులో ఉన్న ప్రశ్న అడిగాను. "మీ కంపెనీల లీవులు ఎట్ల?"

"అడిగితె ఇస్తరు. అడగనీకే ఎవలకూ ధైర్యం రాదు" అన్నాడు. ఆ రోజు ఇద్దరం ఒకరికొకరు చెప్పుకున్న అతి పెద్ద రహస్యం అదే.

ఇంటికి పోయి ఆలోచించి చెప్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. అది మర్యాద కోసం అనే మాటో, నిజంగా ఆలోచించేదుందో నాకు అర్థం కాలేదు. సారు మధ్యాహ్నానికే షామియానా విప్పించేసి, అందరినీ ఇళ్ళకు పొమ్మన్నారు. ఆయన కూడా కారెక్కి వనస్థలిపురం వెళ్ళిపోయారు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా జెండాల కింద ఎవరూ లేకపోవడం అదే మొదలు. ఆ తర్వాతి వారంనుంచి వంతుల వారీగా ఒక్కొక్కరికి ఆదివారం సెలవు వచ్చింది. వెంచర్ ఏమీ మునిగిపోలేదు. నిద్ర చాలిన మనుషులు ఈశాన్యాన్ని తొందరగానే చూపించగలరని సారే ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు నేను ఇబ్రహీంపట్నంలో ఒక కుట్టు షాపు నడుపుతున్నాను. నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు లీవు అడగడానికి వస్తే, కారణం మొదలుపెట్టకముందే సరే అంటాను. కొందరు యజమానులు నవ్వుతారు. ఇలాగైతే పని నడుస్తుందా అంటారు. సెలవంటే పెళ్ళికో, జబ్బుకో ఇచ్చేదని వాళ్ళ నమ్మకం. ఏ కారణమూ లేకుండా పడుకోవడానికి కూడా ఇవ్వాలని నేనంటాను. ఆ ఆదివారం ఇంటికి చేరాక ఏం జరిగిందో వాళ్ళకు తెలియదు కదా.

ఇంటికి చేరాను. కాళ్ళు కడుక్కున్నాను. అమ్మ ఏదో అడుగుతోంది. వాళ్ళు ఏమంటారో అన్న ఫికరు గుండెల్లో ఉంది. ఒక్క నిమిషం నడుము వాల్చి లేస్తాననుకుని, చాప మీద బొంత వేసుకుని పడుకున్నాను. చేతిలో ఏ గొడుగూ లేని మధ్యాహ్నం. కళ్ళు తెరిచేసరికి బయట కోళ్ళు కూస్తున్నాయి. ఆఫీసుకు ఆలస్యమైందని ఎగిరి లేచి, మొహం కడుక్కుని, అమ్మ పాలు పిండుతుంటే, బాపు చేనుకు పోతుంటే, ఎవరితో ఒక్క మాట మాట్లాడకుండా ఒంటిమీది కోటే సర్దుకుని బస్సుకు పరిగెత్తాను. బస్టాపు దగ్గర కిరాణా కొట్టాయన, ఊరందరికీ కాక, నన్ను చూసి తూకం ఆపేశాడు. ఊళ్ళో వాళ్ళందరి ఫోన్లూ ఆయన కొట్టుకే వచ్చేవి.

"ఏంది బిడ్డా, పెండ్లి కుదిరినంక గూడ పొద్దుగాలనే నౌకరికేనా?"

సాయంత్రమే ఫోన్ వచ్చిందట. మేనత్తే చేసి, పిల్ల మాకు నచ్చింది అందట. అమ్మ నన్ను లేపబోయిందట, నేను లేవలేదట. పొద్దున బాపు చెప్పి ఉంటాడని అమ్మ, అమ్మ చెప్పి ఉంటుందని బాపు ఊరుకున్నారు. నా పెళ్ళి కుదిరిన సంగతి మంచాలలో అందరికీ తెలిసి ఒక రాత్రి గడిచింది, నాకు తప్ప. కిరాణా కొట్టు ముందు టోపీ చేత్తో పట్టుకుని ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాను. బస్సు వెళ్ళిపోయింది. ఎక్కలేదు.

మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తాడు, నీకు నచ్చింది నేను కాదు, ఆ మధ్యాహ్నం నిద్ర అని. నేను కాదనను. ఇప్పుడు అడిగినంత సెలవుంది, మెత్తటి పరుపుంది, అయినా అర్ధరాత్రి దాటినా రెప్ప పడదు. అలాంటప్పుడు ఆ బొంత మీద, పసుపు కోటు కూడా విప్పకుండా, పెళ్ళి కబురు వచ్చినా లేవకుండా పడుకున్న ఆ పిల్ల కళ్ళముందు కదులుతుంది. దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి, ఇంకాసేపు పడుకోనివ్వాలనిపిస్తుంది.